గోడ మీద అఫ్రా

హింటర్‌మోస్ అనే కొండ ఊళ్ళో అగ్నిమాపక దళం షెడ్డు లోపలి గోడకి కొర్బీనియన్ బుధవారం నాడు సున్నం వేశాడు. ఎవరూ వెయ్యమనలేదు. ఎర్రబండి బయటికి తీసి, నేల కడిగించడానికి వచ్చిన బావ గొట్‌హార్డ్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"తెర ఒకటి తెచ్చుకుంటే పోయేదిగా బామ్మర్దీ" అన్నాడు.

కొర్బీనియన్ కుంచె ముంచుకుని ఇంకో పట్టె లాగాడు. తెర ముడత పడుతుంది, గోడ పడదు. ఆ సంగతి మనసులో అనుకున్నాడు గానీ పైకి అనలేదు. అతను పైకి అనేవి తక్కువ.

ఇదివరకైతే ఊరివాళ్ళెవరి పందెం టీవీలో వచ్చినా, అందరూ చర్చి ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని బీరు తాగుతూ చూసేవాళ్ళు. హోటలు మూతబడి రెండేళ్ళయింది. ఇక ఊరంతా పట్టే చోటు ఈ షెడ్డే. ఇళ్ళన్నీ కొండవాలు మీద దూరదూరంగా విసిరేసినట్టుంటాయి. షెడ్డు పక్కన ఫాదరుగారి ఇల్లొకటే. ఆయనకి టీవీ లేదు. అందుకని మునిసిపాలిటీ పాత ప్రొజెక్టరొకటి ఇచ్చింది. గొట్‌హార్డ్ ఎండాకాలం పోతుండగా షెడ్డు నుదుటి మీద, తలుపుకి కాస్త పైన, కొత్త డిష్షు బిగించాడు. డిష్షు నుంచి వచ్చే వైరుకి తగిలించడానికి రిసీవరు ఒకటి తక్కువైంది. దాన్ని కొర్బీనియన్ తన ఇంట్లో టీవీ కింద నుంచి ఊడబీకి, తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

పందెం అతని కూతురిది.

అఫ్రాకి ఇరవై ఆరేళ్ళు. ఆమె ఆడే ఆటలో వీపున తుపాకి తగిలించుకుని, చేతికర్రలు పొడుచుకుంటూ, కాళ్ళకి కట్టిన స్కీల మీద మంచులో పరిగెత్తాలి. మధ్యలో రెండుసార్లు ఆగి, ఒకసారి పడుకుని, ఒకసారి నిలబడి, దూరంగా ఉన్న ఐదేసి నల్లచుక్కల్ని కొట్టాలి. గుండె ఎగిరెగిరి పడుతుంటే తుపాకిని కదలకుండా పట్టుకోవడం, అదీ ఆట. తప్పిన ఒక్కో చుక్కకీ ఒక్కో చుట్టు అదనంగా తిరగాలి.

కొర్బీనియన్ ఆ పందేలు ఒక్కటీ చూసి ఎరగడు. అది మొదలయ్యే వేళకి అతను పశువుల కొట్టంలో ఉంటాడు. పాలు పితికే వేళ కాకపోయినా ఏదో ఒక పని కల్పించుకుంటాడు. పందెం ముగిశాక అక్క వల్బుర్గా ఫోను చేసి చెబితే, "ఊఁ" అని పెట్టేస్తాడు. కిందటేడు అఫ్రా దిగుడులో పడి మోకాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఇంట్లో ఫోను పదకొండుసార్లు మోగింది. తల్లి పోయి తొమ్మిదేళ్ళయిన ఆ ఇంట్లో తీసేవాళ్ళు లేరు. ఆస్పత్రి నుంచి చేస్తోంది అఫ్రానే.

ఈ గురువారం మళ్ళీ ఫోను చేసింది.

"శనివారం మొదటి పదిహేనుమందిలో రాకపోతే జట్టులోంచి తీసేస్తారు నాన్నా."

"ఊఁ."

"చూస్తావా?"

"ఊరంతా చూస్తుంది. గోడకి సున్నం కూడా వేశాను."

"ఊరి సంగతి అడిగానా? నువ్వు చూస్తావా?"

కొర్బీనియన్ వైరుని వేలికి చుట్టుకుని విప్పాడు.

"గెలిస్తే చూడమని కాదు" అంది అఫ్రా. "పోయినసారి మంచులో పడున్నప్పుడు, నాన్న చూస్తూ భయపడతాడేమోనని కెమెరా వైపు చెయ్యి ఊపాను. నువ్వప్పుడు ఆవుకి వీపు తోముతున్నావట. అత్త చెప్పింది."

"చూస్తానమ్మా."

"కొట్టంలోకి పోవుగా?"

"పోను."

అంతే మాట్లాడుకున్నారు. ఆ ఇంట్లో అది చాలా పెద్ద సంభాషణ.

శనివారం పొద్దున పదింటికల్లా కొర్బీనియన్ షెడ్డులో ఉన్నాడు. డిష్షు వైరు రిసీవరు వెనక మర తిప్పి బిగించాడు. రిసీవరు నుంచి ప్రొజెక్టరుకి బొమ్మ వెళ్ళే వైరు పొడుగు చాలక, పై కమ్మీ మీదుగా వెయ్యడానికి పది మీటర్లది తెప్పించాడు. దాన్ని గొట్‌హార్డ్ లాగితే ఊడొస్తుందని కమ్మీకి అడుగడుగునా పురికొసతో కట్టాడు. ప్రొజెక్టరు మొదట నీలంగా మెరిసి, ఏ దారిలో వచ్చేది చూపించాలో చెప్పమంది. చెప్పాడు. తెల్లటి గోడ మీద ఎవరో వంటావిడ ఉల్లిపాయలు తరుగుతూ కనిపించింది. ఆమె చేతి గోరు కొర్బీనియన్ అరచేయంత ఉంది.

"అమ్మో" అన్నాడు గొట్‌హార్డ్. "అఫ్రా ముక్కు ఎంతుంటుందో!"

పన్నెండు గంటలకి చర్చి గంట మోగింది. గంట ఆగగానే ముసలి క్విరిన్‌ని ఆయన మనవరాలు బండిలో దింపింది. ఆయన ఒళ్ళో బ్యానరు ఉంది. తొంభై ఒక్కేళ్ళ క్విరిన్ తాత ఈ ఊరి నుంచి పందేలకి వెళ్ళిన మొదటివాడు. అప్పటినుంచీ ఆనవాయితీ ఏమిటంటే, పందెం రోజు పన్నెండు దాటాక బ్యానరు కట్టాలి, మనవాళ్ళు చివరి గీత దాటేదాకా దాన్ని విప్పకూడదు. బ్యానరంటే అగ్నిమాపక దళం వాళ్ళ పాత టార్పాలిను గుడ్డ. మందంగా, చద్దరంత ఉంటుంది. ఎప్పుడు ఎవరు వెళితే వాళ్ళ పేరు తెల్లరంగుతో రాస్తారు. కొక్కేలు రెండూ షెడ్డు నుదుటికి, ఆయన పడుచు కాలం నుంచి ఉన్నాయి.

గొట్‌హార్డ్ నిచ్చెన ఎక్కి కట్టాడు. బ్యానరు సరిగ్గా డిష్షు మీద పడింది. మధ్యలో పేరు కాస్త పొట్ట వచ్చినట్టు ఉబ్బింది.

"బావా, డిష్షు కప్పడిపోయింది" అన్నాడు కొర్బీనియన్.

"కప్పడిపోతే? నీ ఇంట్లో కిటికీకి తెర వేస్తే రేడియో పాడటం మానేసిందా?"

కొర్బీనియన్ లోపలికి వెళ్ళి చూశాడు. వంటావిడ పోయి ఎవరో పాటగాడు వచ్చాడు. బొమ్మ శుభ్రంగా ఉంది. సరేననుకుని, ఆవులకి మేత వెయ్యడానికి ఇంటికెళ్ళాడు. ఒంటిగంటకి మంచు మొదలైంది. పొడిమంచు కాదు, నీళ్ళోడుతూ పడే ముద్దమంచు. కొట్టం కిటికీలోంచి చూస్తూ, ఇది తారురోడ్డు మీద నిలవదు గానీ గడ్డిమోపుల మీద నిలుస్తుందనుకున్నాడు. అంతకు మించి అనుకోలేదు.

రెండింటికి షెడ్డు నిండింది. నలభైమంది దాకా వచ్చారు. వల్బుర్గా పెద్ద గిన్నెలో తెల్ల సాసేజీలు వేడి చేస్తోంది. ముందు వరసలో క్విరిన్ తాత కాళ్ళ మీద కంబళి. గొట్‌హార్డ్ కెప్టెన్ టోపీ పెట్టుకుని, రిమోటు పైకెత్తి, పెళ్ళిలో మైకు పట్టుకున్నవాడిలా నొక్కాడు.

గోడ మీద నల్లగా వచ్చింది. మధ్యలో చిన్న పెట్టె. పెట్టెలో తెల్లక్షరాలు: సిగ్నల్ లేదు.

"పందెం అర్ధరాత్రి పెట్టారేమో" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వారు.

గొట్‌హార్డ్ మళ్ళీ నొక్కాడు. అదే పెట్టె. ఆపి, పెట్టాడు. అదే పెట్టె. అందరూ కొర్బీనియన్ వైపు చూశారు. అతను లేచి ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళాడు.

నిన్నటిదాకా అలాంటి వైరుని అతను పామును చూసినట్టు దూరం నుంచే చూశాడు. ఇవ్వాళ నలభైమంది ముందు దాన్ని ఊడదీయాలి. ఊడదీశాడు, ఊది, మళ్ళీ దూర్చాడు. మధ్యలో గోడంతా నీలంగా మారి, దూర్చగానే మళ్ళీ నల్లబడి చిన్నపెట్టె వచ్చింది. అవతలి కొసా ఊడదీసి దూర్చాడు. చేతులు పెద్దవి. వైరు మూతి చిన్నది. పాలిచ్చే ఆవు పొదుగుని చీకట్లో వెతికి పట్టుకునే ఆ చేతులకి, ఆ బెజ్జం ఎటు తిరిగుందో తెలియలేదు.

"తలకిందులుగా పెడుతున్నావేమోరా" అంది వల్బుర్గా సాసేజీల దగ్గర్నుంచి.

"తలకిందులుగా పెడితే వెళ్ళదక్కా."

"నీకు వెళ్ళట్లేదుగా మరి."

రెండుంపావు అయింది. ఎక్కడో ఇటలీ కొండల్లో పందెం మొదలైపోయింది. ముప్ఫై సెకన్లకి ఒకరు చొప్పున వదులుతారు. అఫ్రా యాభై ఎనిమిదో అమ్మాయి. రెండూ నలభై మూడుకి ఆమె వంతు. ఆ లెక్క కొర్బీనియన్ మూడు రోజులుగా కట్టుకుంటూనే ఉన్నాడు.

"మా ఇంటికి పోదాం రండి" అన్నారొకరు. బండ్ల మీద అప్పుడే బెత్తెడు మంచు ఉంది. ఇరవై నిమిషాల దారి. ఎవరూ కదల్లేదు. ఒకావిడ ఫోను పట్టుకుని కిటికీ దగ్గరకెళ్ళి చెయ్యి పైకి చాపింది. ఆ లోయలో ఫోనుకి బొమ్మ వచ్చేంత బలం ఎప్పుడూ లేదు. గొట్‌హార్డ్ ప్రొజెక్టరు నెత్తి మీద అరచేత్తో రెండు చరిచాడు. అది గాలి వదిలింది. ఏం మారలేదు.

రెండూ ముప్ఫై. కొర్బీనియన్ ఒక పెట్టె మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. చెయ్యడానికి ఇంకేం తోచలేదు. లోపల ఎక్కడో, చాలా లోపల, ఒక చల్లటి నెమ్మది ఉంది. అది అతనికి తెలుసు. నేను కొట్టంలోకి పోలేదు, గోడే నల్లబడింది, ఇందులో నా తప్పేముంది? అనుకున్నాడు. అనుకుని సిగ్గుపడ్డాడు.

సిగ్గుతో తల దించుకుని మళ్ళీ ఎత్తినప్పుడు, ఆ చిన్నపెట్టెని సరిగ్గా చూశాడు. తెల్లక్షరాలు. మూల దగ్గర చిన్న గొడుగు బొమ్మ. ఆ గొడుగు అతనికి కొత్త కాదు. ఇంట్లో డిష్షులో మంచు పేరుకున్నప్పుడల్లా టీవీ మీద అదే గొడుగు, అవే అక్షరాలు. అంటే ఆ మాట ప్రొజెక్టరుది కాదు, తన రిసీవరుది. రిసీవరు మాట గోడ దాకా వచ్చిందంటే ఈ మధ్య దారి బాగానే ఉంది. వైరు ఊడదీసినప్పుడే గోడ నీలమైంది కదా. అరగంటగా అతను బాగున్న వైరునే వేధించాడు.

లేచి బయటికి వెళ్ళాడు.

బ్యానరు తడిసి ముద్దయి, డిష్షుకి చర్మంలా అతుక్కుపోయి ఉంది. అఫ్రా పేరు మీద మంచు బెత్తెడు మందాన నిలిచింది. కొర్బీనియన్ కొంతసేపు అలాగే చూశాడు. ఇప్పుడు సంగతి తెలిసిన మనిషి ఊళ్ళో తనొక్కడే. అరగంట నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. ఎవరూ కనిపెట్టలేరు.

"బావా" అని కేక వేశాడు. "నిచ్చెన పట్రా. బ్యానరు విప్పాలి."

నిచ్చెన కంటే ముందు క్విరిన్ తాత వచ్చాడు, మనవరాలి భుజం పట్టుకుని.

"ముట్టుకోకు" అన్నాడు. "పంతొమ్మిదొందల యాభై ఎనిమిదిలో నా తమ్ముడు పందెంలో ఉండగా గాలికి ఒక కొక్కెం ఊడింది. ఆ గంటలోనే వాడి కాలు విరిగింది. ఇష్టమైతే విప్పుకో. నేను బతికుండగా మాత్రం కాదు."

"తాతా, విప్పకపోతే బొమ్మ రాదు."

"రాకపోతే మానె. పిల్ల బాగుండటం ముఖ్యమా, మనం చూడటం ముఖ్యమా?"

కిందటేడు బ్యానరు కట్టే ఉంది, అయినా పిల్ల పడింది. ఆ మాట అనొచ్చు. తొంభై ఒక్కేళ్ళ మనిషితో కొర్బీనియన్ అనలేకపోయాడు. తన ట్రాక్టరు వెనకనుంచి గడ్డి ఎత్తే పంగలకర్ర తెచ్చి, నిచ్చెన మూడో మెట్టెక్కి, బ్యానరు కింది అంచుని కర్రతో ఎత్తి డిష్షుకి దూరంగా పైకి నెట్టాడు. మంచు ముద్దగా జారి మెడ మీద పడింది. కొక్కేలు ఊడలేదు. ముడి విప్పలేదు.

లోపల నలభైమంది ఒక్కసారి "ఆఁ!" అన్నారు.

"దించకు! అలాగే పట్టుకో!" అని గొట్‌హార్డ్ అరుపు. "యాభై ఎనిమిది! బయల్దేరింది!"

కొర్బీనియన్ అలాగే పట్టుకున్నాడు. తడిసిన టార్పాలిను నీళ్ళ బస్తా అంత బరువుంది. అయినా అతనికి బాగుంది. తను ఎత్తి పట్టుకుంటేనే ఊరు చూస్తోంది. తను చూడక్కర్లేదు. మంచు కళ్ళల్లో పడుతోంది, ముందు గోడ, గోడకి చెక్క, చెక్కలో ఒక కన్నం. కొట్టంలో ఉన్నట్టే ఉంది.

ఏడు నిమిషాలకి లోపల నిశ్శబ్దమైంది. తర్వాత ఒక కేక. ఇంకొకటి. లెక్కపెట్టాడు. మూడు. నాలుగు. కాసేపు ఏమీ లేదు. ఐదు. షెడ్డు దద్దరిల్లింది. పడుకుని కొట్టే ఐదూ తగిలాయి.

తలుపు తెరుచుకుని వల్బుర్గా వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఐదుకి ఐదురా!"

"విన్నాను."

"విన్నావా?" ఆమె నిచ్చెన కింద నిలబడి పైకి చూసింది. "వినడానికి చెప్పిందా నీకు? నాకన్నీ తెలుసు, గురువారం నీతో మాట్లాడాక నాకూ చేసింది. దిగు."

"ఇది పట్టుకోవాలక్కా."

"నేను పట్టుకుంటాను."

"బరువు."

"నిన్ను ఆరేళ్ళొచ్చేదాకా చంకనేసుకు తిరిగాను, అంతకన్నా బరువా? బావని పిలుద్దామంటే ఆ మనిషి రిమోటు వదలడు. ఏరా, చెట్టంత మనిషివి, ఇన్నేళ్ళూ ఆవుల చాటున దాక్కున్నావు, ఇప్పుడు గుడ్డ చాటున దాక్కుంటావా? దిగు ముందు."

అతను దిగాడు. పంగలకర్ర చేతులు మారేటప్పుడు లోపల అందరూ ఒకేసారి తిట్టారు. వల్బుర్గా ఎక్కి, గరిటె నడుముకి దోపుకుని, కర్రని భుజానికి ఆనించి నెట్టింది. తిట్లు ఆగాయి.

లోపలికి వచ్చేసరికి అతనికి కూర్చోవడానికి చోటు లేదు. సున్నం గోడకి ఎదురుగా, కుర్చీల మధ్య సందులో నిలబడ్డాడు. చేతుల్లో ఏమీ లేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు అంచులు పట్టుకున్నాడు.

గోడ నిండా అఫ్రా.

మనిషంతా కాదు, మొహమే. టోపీ కింద చెమట, మంచు కలిసి కారుతున్నాయి. కింది పెదవి ఎండి చిట్లింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు అలాగే చిట్లేది. ఎడమ కంటి కింద తల్లికున్న చిన్న మచ్చ, గోడ మీద రొట్టెముక్కంత ఉంది. అతను వేసిన సున్నమే ఆమె చెంపల మీద కుంచెగీతల్లా కనిపించింది. ఆమె నిలబడి తుపాకి భుజానికి ఆనించింది. తుపాకి కొస ఊపిరితో పైకీ కిందికీ ఊగుతోంది. ఇంత దగ్గరగా ఉంది. గిన్నెడు వేడినీళ్ళు ఇవ్వలేడు. ఊపిరి నెమ్మదిగా తీసుకోమ్మా అని చెప్పలేడు.

"పదకొండో స్థానం" అన్నాడు గొట్‌హార్డ్ గొంతు తగ్గించి. "ఇలాగే అయిదూ కొడితే..."

ఒకటి. నల్లచుక్క తెల్లబడింది. రెండు. మూడు. కేక వేయబోయి అందరూ ఆపుకున్నారు.

నాలుగోది చాలాసేపు పట్టింది. తుపాకి కొస ఆగింది, మళ్ళీ కదిలింది. తూటా పేలింది. చుక్క నల్లగానే ఉంది. చుక్క పైన, ఎడమ పక్కన, మంచుపొడి లేచింది.

క్విరిన్ తాత కళ్ళు మూసుకున్నాడు. కొర్బీనియన్‌కి కూడా మూసుకోవాలనిపించింది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. బొమ్మలో అఫ్రా కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంది. అతను కోటు అంచులు ఇంకాస్త గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు గోడ చతురస్రాలుగా ముక్కలైంది. మొహం ఒక పక్కకి, తుపాకి ఒక పక్కకి జరిగాయి. నల్లబడింది. చిన్నపెట్టె వచ్చింది. సిగ్నల్ లేదు.

"వల్బుర్గా!" అని గొట్‌హార్డ్ గావుకేక పెట్టాడు.

"చెయ్యి తిమ్మిరెక్కింది, చచ్చినోడా! నువ్వొచ్చి పట్టుకో!" అని బయటి నుంచి.

బొమ్మ తిరిగొచ్చేసరికి వేరే ఎవరో అమ్మాయి చుక్కల్ని కొడుతోంది. ఐదోది ఏమైందో ఎవరికీ తెలియదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొర్బీనియన్ గోడ మీదే చూస్తున్నాడు. ఆ కొత్తమ్మాయి వెనకాల, దూరంగా, బొమ్మ మూలన, అదనపు చుట్టు తిరిగే దారి కొంచెం కనిపిస్తోంది. అక్కడ గోరంత మనిషి ఒకతి ఒంగి తిరుగుతోంది. ఎడమ భుజం కాస్త కిందికి వాల్చి. మోకాలు బాగయ్యాక వచ్చిన నడక అది. చుట్టు పూర్తయింది. బయటికి వెళ్ళే మలుపు వచ్చింది. ఆమె మలుపు తీసుకోలేదు. మళ్ళీ చుట్టులోకే తిరిగింది.

"రెండు" అన్నాడు కొర్బీనియన్.

ఎవరికీ అర్థం కాలేదు. ఐదోదీ తప్పిందని అర్థమయ్యాక గొట్‌హార్డ్ టోపీ తీసేశాడు.

అఫ్రా పదిహేడో స్థానంలో గీత దాటింది. అది మాత్రం గోడ మీద శుభ్రంగా కనిపించింది. మంచులో బోర్లా పడి, వీపు ఎగసిపడుతుంటే చాలాసేపు లేవలేదు. కెమెరా ఆమెని వదిలేసి గెలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. అతను ఆమె పడున్న వైపే, ఇప్పుడెవరూ లేని గోడ మూలకేసి చూస్తూ ఉండిపోయాడు.

జనం సాసేజీలు తిన్నారు. గీత దాటేసింది కాబట్టి గొట్‌హార్డ్ బ్యానరు విప్పించాడు. "నేను చెప్పలేదూ, కదిలించొద్దని" అన్నాడు క్విరిన్ తాత, కంబళి మీదకి చూస్తూ. ఆ మాట అన్నందుకు ఆయనే ముందు బాధపడ్డాడు. కొర్బీనియన్ ఆయనకి ప్లేటు అందించి, రొట్టె విరిచిపెట్టాడు.

షెడ్డు గోడకున్న ఫోను నాలుగున్నరకి మోగింది. రెండో మోత మోగకముందే కొర్బీనియన్ తీశాడు.

"నాన్నా?"

"ఊఁ."

"చూశావా?"

"చూశాను. ఐదోది చూళ్ళేదు. అత్త చెయ్యి తిమ్మిరెక్కింది."

అత్త చేతికీ దానికీ సంబంధం ఏమిటని కూడా ఆమె అడగలేదు.

"నాలుగోది" అన్నాడు కొర్బీనియన్. ఆగాడు. "పైకి పోయింది. ఎడమకి."

"ఎడమకా?"

"ఎడమకే. జానెడు పైన. తర్వాత చుట్టు తిరిగావు. రెండుసార్లు. రెండోసారి మలుపు దగ్గర కర్ర జారింది నీకు."

అఫ్రా ఏడుస్తోంది. ఫోనులో అది ఈదరగాలిలా వినిపించింది. అతను వైరు వేలికి చుట్టుకున్నాడు. షెడ్డు అవతల వల్బుర్గా గిన్నె కడుగుతూ, నొప్పి చేతిని విదిలిస్తూ, ఇటే చూస్తోంది.

"ఇక తీసేస్తారు నాన్నా."

"ఊఁ."

"ఫోను పెట్టెయ్యకు."

"పెట్టను."

ఇంటి దగ్గర ఆవులకి పాలు పితికే వేళ దాటిపోతోంది. పొదుగులు బరువెక్కి ఈపాటికి అరుస్తూ ఉంటాయి. కొర్బీనియన్ ఫోను చెవికి ఆనించుకుని, ఏమీ మాట్లాడకుండా, సున్నం గోడ పక్కనే నిలబడ్డాడు.